త్యాగయ్య చివరి కీర్తనల మీద వాదం: ఏది తేలింది, ఏది తేలలేదు

త్యాగరాజస్వామి చివరి రోజుల్లో చేసిన కీర్తనలు నడివయసులో చేసినవాటికన్నా గొప్పవా, తక్కువా? బరంపురం కానీ పర్లాకిమిడి కానీ గుణుపురం కానీ, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో త్యాగయ్య ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి నలుగురు తెలుగు సంగీతప్రియులు కూడారంటే ఈ వాదన ఎక్కడో ఒక మూల లేవక మానదు. ఒకరు సహాన రాగంలోని "గిరిపై నెలకొన్న" దాటిన కీర్తన ఇంకోటి లేదంటారు. పక్కనున్నాయన ఖరహరప్రియలోని "చక్కని రాజమార్గము" ఎత్తి, "దీని ముందు అదెంతండీ, అందులో సంగతులేవి, విస్తారమేది, ఎనభయ్యేళ్లకు పట్టు సడలదా" అంటారు. (సంగతులంటే ఒకే పాదాన్ని స్వరాలు మార్చి మార్చి పాడే తీరులు.) వాదన వేడెక్కుతుంది, తేలదు.

తేలకపోవడానికి కారణం ఉంది. రెండు పక్షాలూ ఏ కీర్తన ముందుదో ఏది వెనకదో ఖాయమైపోయిందనుకుని మాట్లాడుతున్నాయి. అది ఖాయం కాలేదు. త్యాగయ్య 1767లో పుట్టి 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఇప్పుడు మనకు దొరుకుతున్నవి సుమారు 700 కృతులు. వాటిలో ఒక్కదాని మీదా తేదీ లేదు. ఆయన పాడేవారు, శిష్యులు నేర్చుకునేవారు, కొందరు తాటాకుల మీదా కాగితాల మీదా రాసుకునేవారు. ఆయన శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆ శిష్యుడి కొడుకు కృష్ణస్వామి భాగవతార్ రాసి దాచిన ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. మనకున్న ఆధారాల్లో అవి చాలా విలువైనవి. కానీ ఏది ఏ ఏట పుట్టిందన్నది వాటి నుంచీ తేలదు.

"చివరి దశ రచనలు" అని ఒక వర్గం కట్టి, అవి మిగతావాటికన్నా లోతైనవని చెప్పే అలవాటు పాశ్చాత్య సంగీత విమర్శలో బాగా స్థిరపడింది. అక్కడ దానికి పునాది ఉంది. త్యాగయ్య కాలంవాడే అయిన బీథోవెన్ (1770–1827) తన చివరి తంత్రీ చతుష్కాలను (నాలుగు తంత్రీ వాద్యాల కోసం చేసే రచనలను) 1824–26 మధ్య రాశాడని ఆయన చిత్తు పుస్తకాలు, ఉత్తరాలు, ప్రచురణకర్తలతో లావాదేవీలు చెబుతాయి. వాటిలో ఒకదాని ముగింపు మరీ కఠినంగా ఉందని ప్రచురణకర్త కోరితే దాని స్థానంలో వేరే ముగింపు రాసిచ్చిన సంగతి కూడా నమోదై ఉంది. అంత లెక్క చేతిలో ఉంటే చివరి దశ గురించి మాట్లాడొచ్చు. మన దగ్గర ఆ లెక్క లేదు.

ఇది ఒక్క త్యాగయ్యకే వచ్చిన చిక్కు కాదు. మన ఊళ్లవైపే చూడండి. పర్లాకిమిడి గోపాలకృష్ణ పట్నాయక్ (1784–1862), గంజాం సీమకు చెందిన కవిసూర్య బలదేవ రథ్ (1789–1845), ఇద్దరూ త్యాగయ్య ఉండగానే ఒడిస్సీ పాటలు కట్టినవాళ్లు. బలదేవ రథ్ చంపువు అనే కావ్యంలో పాటలు "క" నుంచి "క్ష" దాకా అక్షరాల వరసలో నడుస్తాయి. ఆ వరసను బట్టి ఏ పాట ముందు పుట్టిందో చెప్పలేం. త్యాగయ్య కృతులను రాగాల వరసలో అచ్చేసిన పుస్తకాలూ అంతే. పుస్తకంలో వెనక ఉన్నది జీవితంలో వెనకది కానక్కర్లేదు.

కాబట్టి ముందు చూడవలసింది, ఏ కీర్తనను "చివరిది" అనడానికి మన దగ్గర ఏముందన్నది.

ఆధారాలు, వాటి బరువు

అన్నిటికన్నా గట్టిది సాహిత్యంలోనే, అంటే కీర్తన మాటల్లోనే, ఊరి పేరు ఉండటం. కంచిలోని ఉపనిషద్బ్రహ్మేంద్రుల ఆహ్వానం మీద త్యాగయ్య 1830ల చివర తిరువయ్యారు వదిలి యాత్రకు వెళ్లారు. కంచి, తిరుపతి, మద్రాసు దగ్గరి కోవూరు, తిరువొత్తియూరు, తిరిగి వస్తూ లాల్గుడి, శ్రీరంగం. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. సహానలోని "ఈ వసుధ నీవంటి దైవము" అనుపల్లవిలో "కోవూరి సుందరేశ" అని ఉంది. అంత దూరం ఆయన ఆ యాత్రలోనే వెళ్లినట్టు తెలుస్తోంది కాబట్టి ఈ కీర్తన 70 దాటాక చేసిందే అనుకోవచ్చు. కోవూరు మీద 5, తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద 5, తిరుపతిలో "తెరతీయగరాదా", "వేంకటేశ నిను సేవింపను", ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

అయితే ఊరి పేరు ఉన్న ప్రతిదాన్నీ ఈ గంపలో వేయకూడదు. శ్రీరంగం తిరువయ్యారుకు ఒకటి రెండు రోజుల నడక దూరం. కాంభోజిలోని "ఓ రంగశాయి" యాత్ర ముగింపులోదని సంప్రదాయం చెబుతుంది, కావచ్చు కూడా. కానీ జీవితమంతా కావేరి ఒడ్డునే ఉన్న మనిషి ముప్పయ్యో ఏట శ్రీరంగం వెళ్లలేదని ఎవరు చెప్పగలరు? దూరం పెరిగేకొద్దీ ఆధారం గట్టిపడుతుంది, దగ్గరయ్యేకొద్దీ పలచబడుతుంది.

రెండో రకం, సాహిత్యంలో ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాట. తోడిలోని "దాశరథీ నీ ఋణము దీర్ప నా తరమా" తీసుకోండి. ఆశ తీరేలా దూరదేశాల్లో నన్ను ప్రకాశింపజేశావు, ఆ ఋణం తీర్చడం నా వల్ల అవుతుందా అంటారు. పేరు దూరదేశాలకు పాకాక అన్న మాట కాబట్టి తొలినాళ్లది కాదు. ఎంత వెనకదో మాత్రం తెలియదు. గానవారిధిలోని "దయజూచుటకిది వేళరా" ఇంకో మెట్టు పైన ఉంటుంది. మునుపు నీవు ఆనతిచ్చిన పనులను ఆశగా, మనసారా, నిదానంగా చేశాను, ఇక దయ చూడు అంటారు. పని ముగించిన మనిషి గొంతు అది. అయినా యాభైయో ఏట కూడా ఒక మనిషి అలా అనగలడు. ఇలాంటి మాటలు కొన్ని దశలను కొట్టిపారేయడానికి బాగా పనికొస్తాయి, ఒక సంవత్సరాన్ని పట్టి చూపడానికి పనికిరావు.

మూడోది శిష్యపరంపర చెప్పిన కథ. దీన్ని తోసిపుచ్చడం తప్పు, కళ్లు మూసుకుని మోయడమూ తప్పు. శ్రీరాగంలోని "ఎందరో మహానుభావులు" చూస్తే ఇబ్బంది అర్థమవుతుంది. కేరళ నుంచి షట్కాల గోవింద మారార్ వచ్చి పాడితే విని పరవశించి అప్పటికప్పుడు చేశారని ఒక కథ. అంతకుముందే చేసి ఉంచిన కీర్తననే ఆయన గౌరవార్థం శిష్యుల చేత పాడించారని ఇంకో కథ. మారార్ 1798లో పుట్టి 1843లో పోయినవాడు. మొదటి కథ నిజమైతే పంచరత్నాలనే ఆయన అయిదు పెద్ద కృతుల్లో ఇది వృద్ధాప్యపు రచన, రెండోది నిజమైతే యౌవనంలోది కూడా కావచ్చు. ఏ కథ నమ్మినా కీర్తనలో ఒక్క స్వరం మారదు. వినేవాడు మాత్రం మొదటి కథ చెబితే "పండిన చేతి పని" అంటాడు, రెండోది చెబితే "యౌవనపు పొంగు" అంటాడు. చివరి కీర్తనల మీద మన తీర్పుల్లో సగం ఇలా పుట్టినవే.

నాలుగోది శైలి. సంగతులు ఎక్కువుంటే నడివయసు, తక్కువుంటే ముసలితనం అనేవాళ్లు ఉన్నారు. ఈ ఆధారం చాలా బలహీనం. సంగతులను కృతిలో ఒక పద్ధతిగా నిలబెట్టిన ఘనత త్యాగయ్యదే. కానీ ఇవాళ మనం వినే సంగతులన్నీ ఆయనవి కావు. ఉమయాళపురం, తిల్లస్థానం, వాలాజాపేట శిష్యపరంపరల పాఠాలు ఒకదానితో ఒకటి సరిపోవు. త్యాగయ్య శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య దగ్గర నేర్చి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఆంధ్రదేశానికి తెచ్చిన బాణీ ఇంకొకటి. కచేరీలో ఎక్కువగా పాడేవాటికి ప్రతి తరమూ రెండేసి సంగతులు కలిపింది, తక్కువ పాడేవి ఉన్నవి ఉన్నట్టుండిపోయాయి. అందుచేత "చక్కని రాజమార్గము"లో సంగతులు లెక్కపెట్టి, "గిరిపై"లో లెక్కపెట్టి, తేడా చూపిస్తే అది త్యాగయ్య వయసుకు కొలత కాదు. ఆ కీర్తన కచేరీల్లో ఎంత నలిగిందో దానికి కొలత.

సహానలో రెండు కీర్తనలు

గొప్పతనం తేల్చాలంటే రాగం ఒకటే అయిన రెండు కీర్తనలు పక్కపక్కన పెట్టడం నిక్కచ్చి పద్ధతి. అప్పుడు రాగం అందం కీర్తన ఖాతాలో పడిపోదు. అదృష్టవశాత్తూ సహానలో మనకు యాత్రాకాలపు "ఈ వసుధ" ఉంది, మరణానికి ముందు చేసిందని చెప్పే "గిరిపై" ఉంది.

సహాన హరికాంభోజి అనే మేళం (మూల రాగం) నుంచి పుట్టింది. ఎక్కేటప్పుడు స రి గ మ ప మ ద ని స, దిగేటప్పుడు స ని ద ప మ గ మ రి గ రి స. పైకి వెళ్తూ పంచమం నుంచి సూటిగా ధైవతానికి పోకూడదు, మధ్యమానికి వెనక్కి వచ్చి పోవాలి. దిగేటప్పుడు గాంధారం దాకా వచ్చి మళ్లీ మధ్యమం తాకి రిషభానికి జారాలి. ఈ వెనకడుగులే సహాన ప్రాణం. వేగం పెంచితే నోరు తిరగక పాడేవాళ్లు "ప ద ని" అని నిటారుగా ఎక్కేస్తారు, ఆ క్షణాన హరికాంభోజి వాసన కొడుతుంది. అందుకే ఈ రాగం నిదానాన్ని కోరుతుంది.

"ఈ వసుధ" చరణం పొడుగు. నీ ఊళ్లో అర నిముషం నివసించినా చాలు, మనసులోని వేసటలు పోగొడతావు, ధనరాశులు ఇస్తావు, ఆయువు ఇస్తావు, తేజస్సు, కీర్తి ఇస్తావు అంటూ వరాల పట్టీ నడుస్తుంది. విమర్శకులు ఇక్కడే పట్టుకుంటారు. "నిధి చాల సుఖమా" అని అడిగిన మనిషి ఇక్కడ ధనరాశులిచ్చే దేవుణ్ణి పొగడటమేమిటని. ఆ విమర్శలో కొంత నిజముంది. ఈ చరణంలో సాహిత్యం క్షేత్రమాహాత్మ్యం చెప్పే పాత దారిలోనే నడుస్తుంది, త్యాగయ్యకే సొంతమైన మాట తక్కువ. సంగీతం మాత్రం అలా కాదు. చరణంలో సహాన తన జారుడులన్నీ చూపిస్తుంది. మాట మామూలుదైనా పాట పెద్దది.

"గిరిపై" నిర్మాణం పూర్తిగా వేరు. సాహిత్యమంతా ఇంతే:

గిరిపై నెలకొన్న రాముని గురి తప్పక కంటి
పరివారులు విరి సురటులచే నిలబడి విసరుచు కొసరుచు సేవింపగ
పులకాంకితుడై ఆనందాశ్రువుల నింపుచు మాటలాడవలెనని
కలువరించ గని పది పూటలపై గాచెదనను త్యాగరాజ వినుతుని

మొత్తం ఒకే వాక్యం. క్రియ "కంటి", అది పల్లవిలోనే ఉంది. అనుపల్లవి "సేవింపగ" అని ఆగుతుంది, దానికి ముగింపు పల్లవిలోకి తిరిగి వస్తేనే దొరుకుతుంది. చరణం "వినుతుని" దగ్గర ఆగుతుంది, అది కూడా "గిరిపై నెలకొన్న రాముని కంటి" అన్నదాంట్లోనే కలుస్తుంది. పల్లవికి తిరిగిరావడం ప్రతి కృతిలోనూ ఉంటుంది. ఇక్కడ మాత్రం తిరిగి రాకపోతే వాక్యమే పూర్తికాదు. చూశాను అన్న ఒక్క మాట చుట్టూ పాటంతా తిరుగుతుంది. సేవకులు ఏం చేస్తున్నారు, తనకు ఏమైంది, ఆయన ఏమన్నాడు, అన్నీ ఆ చూపులో భాగాలే.

ఇంకొకటి గమనించాలి. చరణంలో భక్తుడు మాట్లాడాలని ప్రయత్నించి తడబడ్డాడు, "కలువరించ గని" దేవుడు మాట ఇచ్చాడు. జీవితమంతా రాముడితో వాదించి, అలిగి, బతిమాలి, దెప్పిపొడిచి వందల కీర్తనలు పాడిన మనిషికి ఎదురుపడ్డప్పుడు మాట పెగలలేదు. ఈ చోట సంగతులు గుప్పిస్తే అర్థం చెడుతుంది. ఎనభయ్యేళ్ల మనిషికి శక్తి చాలక సంగతులు తగ్గాయనడం కన్నా, మాట రాని మనిషిని చూపించే చోట స్వరాల సందడి పెట్టలేదనడమే నాకు న్యాయంగా తోస్తుంది. రచనా నైపుణ్యంలో "గిరిపై" త్యాగయ్య చేసిన ఏ పెద్ద కృతికీ తీసిపోదని నా గట్టి నమ్మకం. ఆ తీర్పుకు మరణం కథ అక్కర్లేదు, వాక్యం కూర్పు చాలు.

ఇక "పది పూటలపై" అన్న మాట. పుష్య శుద్ధ ఏకాదశి నాడు స్వప్నదర్శనం అయిందనీ, పది రోజులకు బహుళ పంచమి నాడు సిద్ధి పొందారనీ సంప్రదాయం. పూటలను రోజులుగా తీసుకుంటే లెక్క సరిపోతుంది. రోజుకు రెండు పూటల చొప్పున తీసుకుంటే అయిదు రోజులే. అంతకన్నా దీని మీద కట్టడం మంచిది కాదు. ఒకటి మాత్రం నిజం, సాహిత్యంలోనే గడువు చెప్పిన కీర్తన కాబట్టి దీన్ని చివరి రోజులకు చేర్చడానికి వట్టి కథ కన్నా బలమైన ఆధారం ఉంది.

మనం పాడని చివరి కీర్తన

అదే గడువు ఇంకో కీర్తనలో కూడా ఉంది. మనోహరి రాగం, రూపక తాళం, "పరితాపము గని ఆడిన పలుకుల మరచితివో". నా పరితాపం చూసి నువ్వన్న మాటలు మరిచిపోయావా అని అడుగుతున్నారు. సాటిలేని సీతతో, "సరయు మధ్యంబున", బంగారు ఓడలో ఉండి, "పది పూటలపై" కరుణిస్తానన్నావే అంటారు.

ఈ రెండు కీర్తనలనూ కలిపి చదివితే మనం అలవాటుగా చెప్పుకునే బొమ్మ నిలవదు. ఆ బొమ్మలో త్యాగయ్య దర్శనమై, మాట పుచ్చుకుని, ప్రశాంతంగా సన్యాసం స్వీకరించి వెళ్లిపోతారు. "గిరిపై" ఒక్కటే పాడితే ఆ బొమ్మకు చక్కగా సరిపోతుంది. కానీ మాట ఇచ్చిన తర్వాత కదా "మరచితివో" అనగలిగేది. అంటే తర్కం ప్రకారం "పరితాపము" తర్వాతిది. మాట ఇచ్చినవాడు నిలబెట్టుకుంటాడో లేదోనని తపించిన మనిషి గొంతు మనకు చివరగా వినపడుతోంది. అందులోనూ దర్శనం ఒకచోట కొండ మీద, ఇంకోచోట నది నడుమ. ఒకే కలను రెండు రకాలుగా చెప్పారా, దర్శనాలే రెండా, సాహిత్యం నుంచి తేల్చలేం. ప్రశాంతతే చివరి దశ లక్షణం అనేవాళ్లు మాత్రం ఈ కీర్తనకు జవాబు చెప్పాలి.

మనోహరిలో నిషాదం లేదు. స గ రి గ మ ప ద స అని ఎక్కి, స ద ప మ గ రి స అని దిగుతుంది. ఖరహరప్రియ కుటుంబంలో పెరిగిన చెవికి ధైవతం తర్వాత నిషాదం ఆడించాలనిపిస్తుంది. అక్కడ "ద ని ద" దొర్లిందంటే రాగం పోయినట్టే. మొదట్లోనే రిషభాన్ని దాటి గాంధారానికి వెళ్లి, వెనక్కి రిషభం పట్టుకోవాలి. ఈ దాటు తేలిక కాదు. కచేరీల్లో దీన్ని తక్కువ పాడటానికి ఇదొక కారణం. రాగం చిన్నది, ఆలాపనకు చోటు తక్కువ కావడం ఇంకో కారణం. తక్కువ పాడటం వల్ల తక్కువ కీర్తన అనిపించుకుంది. నా దృష్టిలో "గిరిపై"కి ఇది జోడు, దాని పక్కనే నిలబడాల్సింది.

వాగధీశ్వరిలోని "పరమాత్ముడు వెలిగే" విషయంలో నాకు ఇంత ధైర్యం లేదు. సిద్ధి పొందిన రోజునే పాడారని చెబుతారు. హరి, హరుడు, సురలు, నరులు, ఆకాశం, గాలి, మృగాలు, పక్షులు, చెట్లు, అన్నిటిలోనూ వెలుగుతున్నవాడి ముచ్చట తెలుసుకోండి అనే సాహిత్యం సన్యాసికి అతికినట్టుంటుంది. చిక్కు కూడా అక్కడే. కథకు సాహిత్యం అంత బాగా అతికితే, సాహిత్యం చూసే కథ పుట్టి ఉండొచ్చు. గడువు లేదు, ఊరి పేరు లేదు, తన గురించి చెప్పుకున్న మాట లేదు. గొప్ప కీర్తన అనడానికి అభ్యంతరం లేదు, చివరిది అనడానికే ఆధారం పలచన.

దీన్ని పాడటంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. వాగధీశ్వరి 34వ మేళం. దీనికీ 28వదైన హరికాంభోజికీ తేడా ఒక్క రిషభంలోనే. ఇక్కడిది షట్శ్రుతి రిషభం, అంతర గాంధారానికి సరిగ్గా ఒక మెట్టు కింద. హార్మోనియంలో ఒకటో కట్టె షడ్జం పెట్టుకుంటే రిషభం రెండున్నర నల్లమెట్టు మీద ఉంటుంది. గొంతు కొంచెం దిగి రెండో తెల్లమెట్టు మీదికి జారితే పాడుతున్నది హరికాంభోజి అయిపోతుంది. నేర్చుకునేవాళ్లు ముందు "రి గ రి గ మ" అని ఆ ఇరుకు జాగాలోనే గొంతు నిలబెట్టుకుని, తర్వాత సాహిత్యంలోకి రావాలి.

యాత్రాకాలపు కీర్తనల మీద నా తీర్పు మిశ్రమం. "తెరతీయగరాదా" నిస్సందేహంగా శిఖరం. మత్సరమనే తెర తీయవా అని అడిగి, ఎర కోసం వెళ్లి గాలానికి చిక్కిన చేప, వల అని తెలియక వచ్చి పడిన మృగాలు, భోజనం చేస్తుండగా తగిలిన ఈగ, ఇలా ఇంట్లోనూ వీధిలోనూ కనపడేవాటితోనే లోపలి అడ్డును చూపించారు. కోవూరులోనే చేసిన "శంభో మహాదేవ" పంతువరాళిలో చిన్నదైనా పిడికిలి బిగించినట్టుంటుంది. క్షేత్రకీర్తనలన్నీ ఈ ఎత్తున ఉన్నాయనలేం. కొన్నిటిలో స్తుతి తప్ప మరేమీ మిగలదు. అదే యాత్ర, అదే వయసు, అదే మనిషి. ఫలితం మాత్రం ఒక్కటి కాదు. వయసే గొప్పతనానికి కారణమైతే ఇలా ఎందుకుంటుంది?

వాదించే ముందు వినే పద్ధతి

ఆరాధన సందర్భంలో ఈ చర్చ పెట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. గంటన్నర సమయం, వయొలిన్ కానీ వేణువు కానీ వాయించేవారు ఒకరు, పాడేవారు ఒకరు ఉంటే చాలు. మొదటి విడత మాటల్లేకుండా వాద్యం మీద మాత్రమే వినాలి. సహానలో "ఈ వసుధ", "గిరిపై", దివ్యనామ కీర్తన "వందనము రఘునందన", ఆ తర్వాత "పరితాపము", "దయజూచుటకిది వేళరా". ఒక్కోటి 5 నిముషాలకు మించకూడదు, రాగాలాపన, కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వద్దు. ఏది ఎప్పటిదో ఎవరూ చెప్పకూడదు. ప్రతి ఒక్కరూ తమకు బిగువుగా తోచింది, సడలినట్టు తోచింది కాగితం మీద రాసుకోవాలి. పాటలు తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు, తప్పదు, వాళ్ల కాగితాలు వేరే పెట్టండి.

రెండో విడత సాహిత్యాన్ని రాగం లేకుండా, పదాలు విడగొట్టి, మామూలు మాటలా గట్టిగా చదవాలి. "గిరిపై" ఒకే వాక్యమన్న సంగతి పాడుతుంటే తెలియదు, చదివితే వెంటనే తెలుస్తుంది. మూడో విడతలో పాట. అప్పుడు మొదటి కాగితం తీసి చూసుకుంటే అభిప్రాయం ఎక్కడ మారిందో, సంగీతం వల్ల మారిందో కథ వల్ల మారిందో తేటగా కనపడుతుంది.

రెండో విడతకు మనవైపు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. ఒడియా మాధ్యమంలో చదువుకున్న మన పిల్లలు చాలామంది కీర్తనలు ఒడియా లిపిలో రాసుకుని నేర్చుకుంటారు. ఒడియాలో మహాప్రాణాలకు లోటు లేదు. కానీ ఎ, ఏలకు ఒకటే గుర్తు, ఒ, ఓలకు ఒకటే గుర్తు. "గిరిపై నెలకొన్న" అన్నది చదివేటప్పుడు "నేలకోన్న" అవుతుంది, కొండ మీది రాముడు నేల మీదికి వచ్చేస్తాడు. "కొసరుచు" "కోసరుచు" అవుతుంది. గురువు దీర్ఘం అక్కడ లేదని చెప్పకపోతే పిల్లలు ఆ స్వరాన్ని సాగదీస్తారు, తాళంలో పక్క అక్షరం ఇరుకునపడుతుంది. పైగా ఒడియాలో అకారం ఒకారం వైపు వాలుతుంది కాబట్టి "రఘు" "రొఘు"గా, వకారం బకారానికి దగ్గరై "వినుతుని" "బినుతుని"గా వినిపిస్తుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఒడియాలోనే రాసుకోనివ్వండి, హ్రస్వమైన ఎ, ఒ ఉన్న ప్రతి అక్షరం మీద ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టించండి. నాలుగు పాదాల "గిరిపై"లో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాల నుంచి దించుకున్నవాటిలో క, గ, త, ద తేడాలు కూడా సరిచూసుకోవాలి.

చర్చ తర్వాత పాడే వరస గురించి ఒక మాట. మామూలుగా "గిరిపై"తో ముగించి మంగళం పాడేస్తారు. రెండు కీర్తనలూ పాడే గాయకులుంటే సాహిత్యం చెప్పే వరసనే పాటించమని నా సూచన. ముందు సహాన, నిదానంగా, నెరవు (ఒక పాదాన్ని పట్టుకుని అప్పటికప్పుడు చేసే విస్తారం) లేకుండా. శ్రుతి నిలిచాక వెంటనే మనోహరి. మధ్యలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) పెట్టకండి, పెడితే ఇచ్చిన మాటకూ దాన్ని గుర్తుచేసిన మాటకూ మధ్య ఉన్న సంబంధం తెగిపోతుంది.